నెట్‌లో మన జాడలు మనమే వెతుక్కుందాం: ఒక ఆదివారం పని

కిందటేడు సంక్రాంతి వెళ్లిన వారానికి అంబాజీపేట దగ్గర మా దొడ్డమ్మకి ఒక ఫోన్ వచ్చింది. "అమ్మగారూ, బావున్నారా అండీ? నేను కువైట్ నుంచి మాట్లాడుతున్నాను, మీ అబ్బాయి రూమ్మేట్‌ని" అన్నాడట. అన్నయ్య పని చేసే కంపెనీ పేరు చెప్పాడు. "గృహప్రవేశానికి రాలేకపోయాను, సన్‌షేడ్ కింద ఆ గచ్చకాయ రంగు చాలా బావుందండీ" అన్నాడు. మనవరాలు చదివే స్కూలు పేరు పెట్టి, పాప బాగా చదువుతోందా అని కూడా అడిగాడు. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు. అన్నయ్య వీసా కాగితాల్లో ఏదో తేడా వచ్చి పోలీసులు పట్టుకున్నారట, గంటలో ఎనభై వేలు పంపకపోతే జైల్లో పెడతారట. దొడ్డమ్మ గాజులు తీసి పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. మా వదిన ఇంటికొచ్చి అన్నయ్యకి నేరుగా ఫోన్ చేస్తే, నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్నవాడు విసుక్కుంటూ లేచాడు.

డబ్బు పోలేదు. కానీ వాడికి ఇవన్నీ ఎలా తెలిశాయన్నది నాలుగు రోజులు అందరినీ తొలిచేసింది. చివరికి కూర్చుని వెతికితే ఎవరూ ఏదీ దొంగిలించలేదని తేలింది. శుభలేఖ ఫొటో ఫేస్‌బుక్‌లో ఉంది, దాని మీద దొడ్డమ్మ నంబరు ఉంది. కంపెనీ పేరు అన్నయ్య ప్రొఫైల్లో ఉంది. ఇంటి రంగు రీల్‌లో ఉంది. స్కూలు పేరు పాప మెడలో ఐడీ కార్డు మీద ఉంది, ఆ ఫొటో పెట్టింది సాక్షాత్తూ నేనే.

మా ఊళ్లో ఎవరింట్లో ఏం కూర వండారో వీధి చివరిదాకా తెలుస్తుంది. దాచుకునే అలవాటు మనకి లేదు. అయితే వీధి చివర ఉన్నవాళ్ల కూర కూడా మనకి తెలుసు. నెట్‌లో ఆ లెక్క చెల్లదు. అక్కడ మన గురించి వాడికి అన్నీ తెలుస్తాయి, వాడి గురించి మనకి పేరైనా తెలియదు.

ఆ ఆదివారం నేనూ వదినా చేసిన పని ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక పూట పడుతుంది. నోటు పుస్తకం, పెన్ను, ఫోన్ దగ్గర పెట్టుకోండి.

మొదటి పని: మన పేరు మనమే వెతకడం

బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో, అంటే మన లాగిన్ లేని విండో, తెరవండి. మామూలుగా వెతికితే మన అకౌంట్‌ను బట్టి ఫలితాలు మారతాయి, బయటివాడికి కనిపించేది మనకి కనిపించదు.

ముందు పేరు. ఉత్త పేరు కొడితే లాభం లేదు. మా వైపు వీధికి ముగ్గురు సత్యనారాయణలుంటారు, అంతా అన్నవరం స్వామి దయ. అందుకని ఇంటిపేరు, పేరు కలిపి డబుల్ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన ఊరు పేరో కాలేజీ పేరో చేర్చండి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకండి. ఇంగ్లీషులో మన పేర్లకి నాలుగు రకాల స్పెల్లింగులుంటాయి కదా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, అన్నీ కొట్టి చూడండి.

తర్వాత ఫోన్ నంబరు. పది అంకెలూ కొటేషన్లలో ఒకసారి, మధ్యలో ఖాళీ ఇచ్చి ఐదు ఐదుగా ఒకసారి, ముందు తొంభై ఒకటి చేర్చి ఒకసారి. ఈమెయిల్ కూడా అలాగే. ఆ తర్వాత మీ ప్రొఫైల్ ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి, అది ఇంకెక్కడైనా ఉందేమో చూడండి.

చాలామంది చూడని చోటు ఇంకొకటుంది, గూగుల్ మ్యాప్స్ రివ్యూలు. నేను ఆరేళ్లలో రాసినవన్నీ ఒకే పేజీలో వరసగా కనిపించాయి. పంటి డాక్టరు, పాప స్కూలు, ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు, రాజమండ్రిలో లాడ్జి. ఎక్కడెక్కడ తిరుగుతానో, ఏ రోగానికి ఎవరి దగ్గరికి వెళ్తానో నా చేత్తో నేనే రాసి పెట్టాను. సగం తీసేశాను. పూతరేకుల కొట్టుది ఉంచాను, అది వాళ్లకి న్యాయం.

కనిపించిన ప్రతిదీ పుస్తకంలో రాయండి: ఎక్కడుంది, ఏముంది, పెట్టిందెవరు, తీయగలమా. ఈ చివరి గడి ముఖ్యం. ఓటర్ల జాబితాలో మన పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి. అది బహిరంగ పత్రం, మనం తీయించలేం. కాబట్టి ఎవరైనా ఫోన్ చేసి మీ నాన్నగారి పేరూ ఇంటి నంబరూ చెప్పినంత మాత్రాన వాడు బ్యాంకువాడు కాదు. దొడ్డమ్మకి ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే సగం గొడవ తప్పేది.

ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా నంబరు, సంతకం బొమ్మ లాంటివి గూగుల్ ఫలితాల్లో కనిపిస్తుంటే, తొలగించమని కోరడానికి గూగుల్ ఒక ఫారం ఇచ్చింది. దానివల్ల వెతికినప్పుడు కనిపించడం మాత్రమే ఆగుతుంది, అసలు వెబ్‌సైటులో ఉన్నది అలాగే ఉంటుంది. కాబట్టి ముందు ఆ సైటు వాళ్లకే రాయండి.

కడియం నర్సరీవాళ్లకో, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారులకో నంబరు నలుగురికీ తెలియకపోతే బేరం నడవదు. అలాంటివాళ్లు వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోవడం తప్ప దారి లేదు. ఆ సంగతే ఇప్పుడు.

రెండో పని: ఫోన్ నంబరు

మిగతా వివరాలన్నీ ఈ నంబరుకే వేలాడుతుంటాయి. వాట్సాప్, ఆధార్, బ్యాంకు, గ్యాస్ బుకింగ్ అన్నీ దీని మీదే. యూపీఐ యాప్‌లో, యూపీఐ వాడేవాళ్లు ఎవరి నంబరు కొట్టినా బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. అంటే నంబరు దొరికితే పేరు దొరికినట్టే.

వీలైతే రెండు నంబర్లు వాడండి. బ్యాంకుకి, ఆధార్‌కి ఇచ్చినది ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ ఇవ్వకండి. శుభలేఖల మీద, బట్టల కొట్టు బిల్లుల దగ్గర, లక్కీ డ్రా చీటీల మీద రెండోది. యూపీఐ ఐడీ కూడా నంబరుతో కాకుండా వేరే పేరుతో పెట్టుకోవచ్చు, యాప్‌లోనే ఆ వీలుంది.

ఇప్పుడు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లండి. ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, గ్రూపుల్లో చేర్చడం, ఈ మూడూ "మై కాంటాక్ట్స్"కి మార్చండి. అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ ఇవ్వండి. పుట్టిన తేదీ మాత్రం పెట్టకండి, అది ఇప్పటికే పదిమందికి తెలుసు. లింక్డ్ డివైజెస్ కూడా తెరిచి చూడండి. నాది ఎప్పుడో నెట్ సెంటర్‌లో ప్రింటు కోసం తెరిచిన వాట్సాప్ వెబ్, అప్పటికి పదకొండు రోజులుగా అక్కడే తెరిచి ఉంది. చెమటలు పట్టాయి.

"మై కాంటాక్ట్స్" అనగానే మన వాళ్లే అనుకోకండి. గ్యాస్ అబ్బాయి, ఏసీ మెకానిక్, స్థలాల బ్రోకరు, పదేళ్ల కిందట బస్సులో పరిచయమైన మనిషి, అందరూ అందులోనే ఉన్నారు. స్టేటస్ పెట్టేటప్పుడు "ఓన్లీ షేర్ విత్" ఎంచుకుని ఇంటివాళ్ల పేర్లు ఒక్కసారి టిక్ చేసుకుంటే చాలు.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. కేంద్ర టెలికాం శాఖది. నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది, మనది కానిది ఉంటే అక్కడే గుర్తు పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. మా బాబాయ్ పేరు మీద తను ఎప్పుడూ చూడని నంబరొకటి బయటపడింది.

పాత సిమ్ పడేసేవాళ్లకి ఒక మాట. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇక్కడి సిమ్‌కి రీచార్జ్ మానేస్తారు, ఆ నంబరే బ్యాంకులో ఉంటుంది. రెండేళ్లకి తిరిగొచ్చేసరికి వాళ్ల ఓటీపీలు ఇంకెవరి ఫోన్‌కో వెళ్తుంటాయి. ముందు బ్యాంకులో, ఆధార్‌లో నంబరు మార్చి, ఆ తర్వాతే సిమ్ వదలండి.

మూడో పని: ఆధార్, జిరాక్స్ కొట్టు

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి.

మనకి ఏ పనైనా ఆధార్ జిరాక్స్‌తోనే మొదలవుతుంది. కొట్టువాడి నంబరుకి వాట్సాప్‌లో పంపుతాం, వాడు ప్రింటు తీస్తాడు, పది రూపాయలిచ్చి వచ్చేస్తాం. ఆ ఫైలు వాడి ఫోన్‌లో, కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది. కొట్టువాడు మంచివాడే కావచ్చు. కానీ ఆ కంప్యూటర్ దగ్గర సాయంత్రం గేమ్స్ ఆడేది ఎవరో మనకి తెలియదు.

మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు "మాస్క్‌డ్ ఆధార్" అన్న గడి టిక్ చేయండి. మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగే ఉన్న కార్డు వస్తుంది. హోటల్లో గదికి, కొరియర్‌కి, ఫంక్షన్ హాలు బుకింగ్‌కి ఇది సరిపోతుంది. ఇది చెల్లదంటే ఎందుకో అడిగి చూడండి, ఊరికే తలూపకండి.

ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉంటాం. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ ఫేస్‌బుక్‌లో పుట్టినరోజు శుభాకాంక్షల కిందే దొరుకుతాయి. తాళం చెవి గుమ్మం మీద పెట్టి వెళ్లినట్టే.

జిరాక్స్ ఇవ్వక తప్పనప్పుడు దాని మీద అడ్డంగా, అంకెల మీదుగా పెన్నుతో తేదీ, ఎందుకిస్తున్నారో రాసి సంతకం చేయండి. ప్రింటు అయ్యాక కొట్టువాడి ముందే ఫైలు తీయించండి, రీసైకిల్ బిన్‌తో సహా. "ఏంటండీ, నా మీద నమ్మకం లేదా" అంటాడు. "నీ మీద ఉంది బాబూ, కంప్యూటర్ మీదే లేదు" అంటే నవ్వేస్తాడు. నేను వాడే మాట ఇదే.

ఇక వేలిముద్రలు. మన పొలాల, స్థలాల రిజిస్ట్రేషన్ కాగితాల మీద వేలిముద్రలుంటాయి. వాటి బొమ్మల నుంచి నకిలీ ముద్రలు తయారు చేసి, ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఖాతాల నుంచి లాగేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు. అందులో ఓటీపీ రాదు, పిన్ అక్కర్లేదు, ఆధార్ నంబరూ బ్యాంకు పేరూ తెలిసి వేలు ఉంటే చాలు. దస్తావేజు కాపీ వాట్సాప్ గ్రూపులో "ఈ సైటు అమ్మబడును" అని పెట్టేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

దీనికి విరుగుడు బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లోనో పోర్టల్‌లోనో లాక్ చేస్తే ఆధార్‌కి మన వేలిముద్ర ఎక్కడా పని చేయదు. కావాల్సినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు, మళ్లీ తనంతట తానే మూసుకుంటుంది. చిక్కేమిటంటే రేషన్‌కి, పింఛనుకి కూడా అదే వేలు కావాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి లాక్ పెట్టేసి మనం హైదరాబాద్ వెళ్లిపోతే ఒకటో తారీఖున వాళ్లు ఇబ్బంది పడతారు. దొడ్డమ్మకి మేం లాక్ పెట్టలేదు. ఆధార్‌తో ముడిపడ్డ ఖాతాలో నాలుగైదు వేలకి మించి ఉంచకుండా, మిగతాది వేరే ఖాతాలోకి మార్చాం. నెలకోసారి పోర్టల్‌లో అథెంటికేషన్ హిస్టరీ చూస్తాం. గత ఆరు నెలల్లో ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో అందులో ఉంటుంది. తెలియనిది కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయాలి.

నాలుగో పని: ఫొటోలు, రీల్స్

పండగ మూడు రోజులూ మన జిల్లాల్లో ఫోన్‌లు వేడెక్కిపోతాయి. కొత్తల్లుడి ముందు వందల రకాల వంటకాలు, కోడిపందేల బరి దగ్గర నోట్ల కట్టలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం. వరదల కాలంలో అయితే పులస దొరికిన రోజున దాని ధర. వద్దనను, నేనూ పెడతాను. ఎప్పుడు పెడుతున్నాం, ఫొటోలో వెనకాల ఏముంది, ఈ రెండూ చూసుకుంటే చాలు.

భీమవరం వైపు మా బావ రొయ్యల రైతు. పట్టుబడి రోజున కాటా పక్కన నిలబడి ఎన్ని టన్నులు, ఎంత కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), కిలో ఎంతకి పోయిందీ చెప్తూ వీడియో పెట్టాడు. లెక్క తెలిసినవాడెవడైనా ఆయన ఖాతాలో ఎంత పడిందో రెండు నిమిషాల్లో కట్టగలడు. ఆ వారం నుంచి పెట్టుబడి సలహాలిచ్చేవాళ్ల ఫోన్‌లే ఫోన్‌లు. "రొయ్యలు చూపించు బావా, కాటా చూపించకు" అన్నాను. పౌరుషం వచ్చింది కానీ ఆ వీడియో మటుకు తీసేశాడు.

ఊరెళ్తున్నప్పుడు స్టేషన్‌లో సెల్ఫీ పెట్టకండి, తిరిగొచ్చాక పెట్టండి. విమాన టికెట్ ఫొటో అసలే వద్దు. దాని మీదున్న పీఎన్‌ఆర్, ఇంటిపేరు ఉంటే చాలు, ఆ బుకింగ్‌ను ఇంకొకరు తెరవగలరు. గల్ఫ్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లు సంతోషంలో పాస్‌పోర్టు, వీసా కాగితం పట్టుకుని ఫొటో దిగుతారు. ఏజెంట్లమని చెప్పి మోసం చేసేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

ఫొటోలో కంటికి కనబడనిది కూడా ఉంటుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులో చేరుతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది పోతుంది, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. కెమెరాలో ఆ మీట ఆపేయండి, అర నిమిషం పని.

పిల్లల ఫొటోల్లో స్కూలు యూనిఫాం, ఐడీ కార్డు, స్కూలు బస్సు నంబరు లేకుండా చూడండి. శుభలేఖలు గ్రూపులో పెట్టేటప్పుడు "ఆహ్వానించువారు" కింద నంబర్లున్న భాగం కత్తిరించి పెట్టండి. పిలవాల్సినవాళ్ల దగ్గర మన నంబరు ఎలాగూ ఉంటుంది.

ఫేస్‌బుక్‌లో పాత పోస్టులు ఒక్కొక్కటీ తీయక్కర్లేదు. సెట్టింగ్స్‌లో "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" నొక్కితే ఇన్నేళ్లుగా అందరికీ కనిపించినవన్నీ స్నేహితులకే పరిమితమవుతాయి. ప్రొఫైల్ లాక్ కూడా ఉంది. ఫ్రెండ్స్ లిస్ట్ దాచేయండి, చుట్టరికాలు దొరికేది అక్కడే.

ఐదో పని: యాప్‌లు, పాత అకౌంట్లు

ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి కాంటాక్ట్స్, మైక్, లొకేషన్ ఎవరెవరు వాడుతున్నారో చూడండి. టార్చ్ యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు? తీసేయండి. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్ లిస్టు, కాల్ వివరాలు, ఫోన్‌లోని ఫైళ్లు చూడకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. ఏ యాప్ అయినా అవి అడిగితే అది మనకి పనికొచ్చే అప్పు కాదు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే ఫైలు మీద మాత్రం వేలు పెట్టకండి. అదొక యాప్, తెరిచామంటే మన మెసేజ్‌లు ఎవడో చదువుతుంటాడు.

పాత అకౌంట్ల కోసం మెయిల్‌లో "వెల్‌కమ్", "వెరిఫై" అన్న మాటలు ఇంగ్లీషులో వెతకండి. ఎప్పుడో చేరి మర్చిపోయిన సైట్లన్నీ బయటికొస్తాయి. యాప్ తీసేస్తే అకౌంట్ పోదు, లోపలికెళ్లి డిలీట్ అకౌంట్ నొక్కాలి. ట్రూకాలర్‌లో పేరు వద్దనుకుంటే ముందు అకౌంట్ డీయాక్టివేట్ చేసి, తర్వాత వాళ్ల వెబ్‌సైటులో అన్‌లిస్ట్ చేసుకోవాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకొస్తున్నాయి. మన వివరాలు దిద్దమనీ, తొలగించమనీ కంపెనీని అడిగే హక్కు అందులో ఉంది.

ఆరో పని: చుట్టాలు

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మనం ఎంత సర్దుకున్నా మేనమామ మన పాప ఫొటో పేరు, పుట్టిన తేదీ, స్కూలుతో సహా పెట్టేస్తాడు. ప్రేమతో పెట్టినదాన్ని తీయమంటే నొచ్చుకుంటాడు. గ్రూపులో అందరి ముందూ చెప్పకండి. విడిగా ఫోన్ చేసి, "మావయ్యా, ఫొటో చాలా బావుంది, ఆ స్కూలు పేరు కనబడకుండా మళ్లీ పెట్టవా" అనండి. దొడ్డమ్మ కథ చెప్పండి. మా ఇంట్లో ఆ కథే పని చేసింది, సెట్టింగుల గురించి నేనిచ్చిన ఉపన్యాసం ఎవరూ వినలేదు.

తేడా వస్తే

డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే వీలు అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌కి. మెసేజ్‌లు, నంబర్లు, లావాదేవీ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, కోపంలో చెరిపేయకండి. డబ్బు పోకపోయినా, మోసం కాల్ అని అనుమానమొస్తే సంచార్ సాథీలోనే "చక్షు" అన్న చోట ఫిర్యాదు ఇవ్వొచ్చు. దొడ్డమ్మకి వచ్చిన కాల్‌కి మేం అదే చేశాం.

ఎవరైనా ఫొటోలు మార్చి బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వకండి, ఒకసారి ఇస్తే ఆగదు. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎక్కడికీ పంపకుండానే మన ఫోన్‌లోనే దానికొక గుర్తు తయారు చేసి, అందులో చేరిన సోషల్ మీడియా కంపెనీలకి ఇస్తుంది, అలాంటిది ఎవరైనా ఎక్కిస్తే వాళ్లు పట్టుకుంటారు. ఆడపిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో తిడతారన్న భయమే బెదిరించేవాడి బలం.

చివరగా, ఇంటికొక మాట పెట్టుకోండి. ఈ రోజుల్లో గొంతు కూడా అచ్చు మనలాగే తయారు చేసేస్తున్నారు. మా ఇంట్లో చిన్నప్పటి ఆవుదూడ పేరు ఒకటుంది, ఎక్కడా రాయలేదు, ఏ ఫొటోలోనూ లేదు. డబ్బు మాట ఎత్తినవాళ్లు ఎవరైనా సరే ఆ పేరు చెప్పాలి.

మొన్న అన్నయ్య ఫోన్ పాడై, ఎవరి ఫోన్ నుంచో చేసి "అమ్మా, నేనే, ఒక పదివేలు నీ కోడలికి సర్దు" అన్నాడట. "ఆయ్, అందరూ నేనే అనే అంటారు, దూడ పేరు చెప్పు" అంది దొడ్డమ్మ. వాడికి గుర్తు రాలేదు. ఫోన్ పెట్టేసింది. మర్నాడు తన నంబరు నుంచి చేసి, అరగంట సేపు అమ్మని తిట్టి, ఆఖర్న దూడ పేరు గుర్తు చేయమని అడిగాడు. ఆవిడ అప్పుడు కూడా చెప్పలేదు. ఊరొచ్చినప్పుడు చెవిలో చెప్తానంది.